ఖాళీగా మిగిలే గళ్లు

కాలవలకు నీళ్లొదిలి, నారుమళ్లు పచ్చబడ్డాక కృష్ణా డెల్టాలో గుడివాడ నుంచి దివిసీమ దాకా పొలాలు మనుషులతో నిండిపోతాయి. పాములు ఎక్కువగా ఎదురయ్యేదీ ఆ రోజుల్లోనే. గట్ల బొరియల్లోకి నీళ్లు చేరితే ఎలుకలు మెరకకు వస్తాయి, వాటి వెంట పాములూ వస్తాయి. నాట్లు వేసే చేతులకు, చెప్పుల్లేకుండా గట్ల మీద నడిచే కాళ్లకు గండకాలం అది. అప్పుడు ఏ ఊళ్లో, ఏ అరుగు మీద కూర్చున్నా ఇలాంటి మాట వినపడుతుంది: “మా బావమరిదికి పాము కరిచింది. రాత్రికి రాత్రి తీసుకెళ్లి మంత్రం వేయించాం. తెల్లారేసరికి లేచి తిరిగాడు. మంత్రం పనిచెయ్యదని ఎట్టా అంటావు?”

ఈ మాటను ముక్కలుగా విడదీసి చూడాలి. పాము కరిచింది, నిజం. మంత్రం వేయించారు, నిజం. మనిషి లేచి తిరిగాడు, అదీ నిజమే. మంత్రం వల్లే లేచాడన్నది నాలుగో మాట. మొదటి మూడూ కళ్లతో చూసినవి. నాలుగోదాన్ని ఎవరూ చూడలేదు, మూడింటి మీదా నిలబెట్టారు. చెప్పినవాడు అబద్ధమాడలేదు, మోసం చేయలేదు, తన మనిషి బతికినందుకు మనస్ఫూర్తిగా సంతోషపడుతున్నాడు. తర్కదోషాలు ఇలా నిజాయితీపరుల నోట, నిజాల మధ్యలో దాక్కుని వస్తాయి కాబట్టే వాటిని పట్టుకోవడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం భూమ్మీద ఏటా 54 లక్షల పాముకాట్లు జరుగుతున్నాయి. వాటిలో విషం ఎక్కేవి 18 నుంచి 27 లక్షలు. అంటే కాటు తిన్న ప్రతి ఇద్దరిలో కనీసం ఒకరికి విషమే ఎక్కదు. కరిచింది విషం లేని పాము కావచ్చు. డెల్టాలో వరిమళ్ల నిండా తిరిగే నీరుకట్టె చప్పున మీదికొస్తుంది, గట్టిగా కరుస్తుంది, నెత్తురూ వస్తుంది, కానీ మనిషిని చంపే విషం దానికి లేదు. జెర్రిపోతు సంగతీ అంతే. ఇక తాచు, రక్తపింజర లాంటి విషప్పాములైనా కరిచిన ప్రతిసారీ విషం వదలవు. ఇలాంటి కాటును డాక్టర్లు డ్రై బైట్ అంటారు. చీకట్లో, బురదలో, భయంలో ఏ పాము కరిచిందో, విషం దిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది?

వందమందిని పాములు కరిచాయనుకుందాం. ఇది విషయం తేటపడడానికి వేసుకున్న లెక్క మాత్రమే. అరవై మందికి విషం ఎక్కలేదు. మిగిలిన నలభై మందిలోనూ అందరూ పోరు. ఎక్కిన మోతాదు తక్కువై, నాలుగు రోజులు బాధపడి కోలుకునేవాళ్లుంటారు. పదిహేను మంది చనిపోయారనుకుందాం. ఈ వందమందీ ఒకే మంత్రగాడి గుమ్మం తొక్కితే, అతను బతికించిన వాళ్లుగా ఊళ్లో 85 మంది తిరుగుతుంటారు. మంత్రం చదవకుండా వసారాలో కాసేపు కూర్చోబెట్టి పంపినా ఆ 85 మందీ బతికేవాళ్లే.

కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తే నాలుగు గళ్లు వస్తాయి. మంత్రం వేయించుకుని బతికినవాళ్లు ఒక గడిలో, వేయించుకుని పోయినవాళ్లు ఇంకో గడిలో. వేయించుకోకుండా బతికినవాళ్లు మూడో గడి, వేయించుకోకుండా పోయినవాళ్లు నాలుగో గడి. అరుగు మీది వాదన మొదటి గడిలో పుట్టి మొదటి గడిలోనే ముగుస్తుంది. మంత్రానికి శక్తి ఉందా లేదా అనేది ఆ గడిలో ఎన్ని పేర్లు రాసినా తేలదు. నాలుగు గళ్లూ నింపి, మంత్రం వేయించుకున్నవాళ్లలో ఎంతమంది బతికారు, వేయించుకోనివాళ్లలో ఎంతమంది బతికారు అని పోల్చితేనే తేలుతుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకి బరువుకే పండు రాలిందనుకోవద్దని మనవాళ్లు ఏనాడో హెచ్చరించారు. ఎన్నిసార్లు కాకి వాలినా పండు రాలలేదో, ఎన్నిసార్లు కాకి లేకుండానే రాలిందో లెక్కపెట్టి చూడమనడమే ఈ నాలుగు గళ్ల పని.

మిగతా గళ్లు ఎందుకు నిండవు? బతికినవాడు తన కథ పదిమందికీ చెబుతాడు, పోయినవాడు చెప్పుకోలేడు. పోయినవాడి ఇంటివాళ్లు మంత్రగాడి పేరెత్తరు. నాలుగు రోజుల తర్వాత అదొక ఖర్మగా మిగిలిపోతుంది. ఈ మాటకు గట్టి ఆధారం ఉంది. దేశంలో 2001–03 మధ్య జరిగిన మరణాలను ఇంటింటికీ వెళ్లి, ఎలా పోయారో అడిగి నమోదు చేసిన ‘మిలియన్ డెత్ స్టడీ’ నుంచి 2011లో పాముకాటు లెక్కలు వెలువడ్డాయి. ఒక్క 2005లోనే దేశంలో దాదాపు 46,000 మంది పాముకాటుతో చనిపోయి ఉంటారని తేలింది. వాళ్లలో 5,200 మంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. జనాభాతో పోల్చి చూస్తే దేశంలో అన్నిటికంటే ఎక్కువ మరణాలు మన రాష్ట్రంలోనే. అన్నిటికన్నా కలచివేసే అంకె ఇంకొకటుంది. ఆ మరణాల్లో 77 శాతం ఆసుపత్రి బయట జరిగాయి. వాళ్లు ఏ ఆసుపత్రి రిజిస్టరులోకీ ఎక్కలేదు. ఇంటింటికీ వెళ్లి అడిగితే గానీ పోయినవాళ్ల గళ్లలో అంతమంది ఉన్నారని దేశానికి తెలియలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. “ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఇంజక్షన్ ఇచ్చారు, బతికాడు” అనే మాట మాత్రం వేరా? దాని నిర్మాణం అచ్చంగా మంత్రం వాదనదే. ఆసుపత్రికి వెళ్లిన వాళ్లలోనూ విషమెక్కని వాళ్లుంటారు, వాళ్లూ నడుచుకుంటూ ఇంటికొస్తారు. విజ్ఞానం వైపు నిలబడేవాళ్లు ఈ ప్రశ్నను దాటేయకూడదు. ఒకడు బతికి రావడం ఇంజక్షన్‌కు కూడా సాక్ష్యం కాదు. దాని మీద నమ్మకం మరోచోటి నుంచి రావాలి, వచ్చింది కూడా.

ఫ్రాన్సులో అల్బెర్ కాల్మెట్ 1890ల నడుమ పాము విషానికి విరుగుడు సీరం తయారుచేశాడు. విషమిచ్చిన జంతువుల్లో కొన్నిటికి సీరం ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా పోల్చి చూశారు. అంటే నాలుగు గళ్లూ నింపి చూశారు. ఇప్పుడు మన దేశంలో వాడే విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల విషాలకు పనిచేస్తుంది. వాటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి నెత్తుట్లో పుట్టిన ప్రతిరక్షకాలను వేరుచేసి దీన్ని తయారుచేస్తారు. ఎన్ని మిల్లీగ్రాముల విషాన్ని ఒక మిల్లీలీటరు మందు విరిచేస్తుందో ప్రయోగశాలలో కొలిచాకే సీసా బయటికొస్తుంది.

ఆసుపత్రిలో మంచం పక్కన జరిగే ఒక పరీక్షను దగ్గరగా చూడాలి. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. కరిచిన మనిషి నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, శుభ్రమైన కొత్త గాజు గొట్టంలో పోసి, కదపకుండా నిలబెట్టి ఉంచుతారు. ఇరవై నిమిషాలు ఆగి గొట్టాన్ని వంచుతారు. మామూలు నెత్తురైతే అప్పటికి గడ్డకట్టి గొట్టానికి అంటుకుని ఉంటుంది. రక్తపింజర విషం ఎక్కి ఉంటే నీళ్లలా జారిపోతుంది, ఎందుకంటే నెత్తురును గడ్డకట్టించే పదార్థాలను ఆ విషం ఖర్చుచేసేసింది. అప్పుడు విరుగుడు ఎక్కించి, ఆరు గంటలకు మళ్లీ అదే పరీక్ష చేస్తారు. ఇందాక జారిన నెత్తురు ఇప్పుడు గడ్డకడితే మందు పనిచేసినట్టు, లేకపోతే మళ్లీ ఇవ్వాలి. ఈ పరీక్ష “ఆ విషం ఎక్కిందా?” అనే ప్రశ్నను ముందే అడుగుతుంది. విషమెక్కనివాళ్లను పక్కన పెట్టి, ఎక్కినవాళ్లలో మార్పు వచ్చిందో లేదో చూస్తుంది. పైగా మందు ఓడిపోయే అవకాశం ఇస్తుంది. మంత్రానికి అలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు.

ఓడిపోయే అవకాశం అన్నది మామూలు మాట కాదు. మంత్రం వేయించినా మనిషి పోయిన ఇంట ఏం మాట్లాడుకుంటారో గుర్తుచేసుకోవాలి. “ఆలస్యంగా తెచ్చారు.” “దారిలో మైల తగిలింది.” “అది మామూలు పాము కాదు, దేవతాసర్పం.” “ఆయుష్షు తీరింది, ఎవరేం చేస్తారు?” బతికితే మంత్రం గొప్ప, పోతే విధి. ఏం జరిగినా నెగ్గే మాట ప్రపంచం గురించి మనకు ఏమీ చెప్పదు, ఎందుకంటే అది తప్పు కావడానికి దారులన్నీ ముందే మూసేశారు. ఇక ఎవరైనా నిలదీస్తే భారం తిరగబడుతుంది. “పనిచెయ్యదని నువ్వు రుజువు చెయ్యి చూద్దాం!” ఫలానా మందు పనిచేస్తుందని చెప్పేవాడిదే కదా రుజువు చూపించే బాధ్యత. విరుగుడు సీసా తయారుచేసినవాడిని అడిగిన రుజువునే మంత్రగాడినీ అడగడంలో అమర్యాద ఏమీ లేదు.

2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఉన్నట్టుండి పెరిగాయి. అవనిగడ్డ చుట్టుపక్కల కేసులు వందకు పైబడ్డాయని పత్రికల్లో వచ్చింది. ఆ నెలాఖరులో దేవాదాయ శాఖ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం చేయించింది. భయంలో ఉన్న జనం నమ్ముకున్న దేవుడి దగ్గరికి వెళ్లడాన్ని ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. మొక్కు మొక్కుగానే ఉంటే అందులో వాదన లేదు, కాబట్టి దోషమూ లేదు. “యాగం చేశారు, కాట్లు తగ్గాయి” అనే మాట పుట్టినప్పుడే అది వాదన అవుతుంది. అలాంటి మాట పుట్టడానికి కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి. యాగమైనా, సమీక్షా సమావేశమైనా, మరో చర్య అయినా కేసులు బాగా పెరిగి అందరూ బెంబేలెత్తినప్పుడే చేస్తారు. శిఖరం మీద ఉన్నది ఆ తర్వాత సాధారణంగా కిందికే వస్తుంది. నాట్లు ముగిసి పొలంలో మనుషుల రద్దీ తగ్గుతుంది, నీళ్లు సర్దుకుంటాయి, సెప్టెంబరు దాటితే దేశంలో మొత్తం మీద కాట్లు పలచబడతాయి. శిఖరం దగ్గర ఏ పని చేసినా తగ్గుదల దాని ఖాతాలో పడిపోతుంది.

మరి కారణం ఇదేనని ఎప్పుడు చెప్పవచ్చు? ఈ ప్రశ్న మన దేశంలో పాతది. పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’ అనే చిన్న పుస్తకం రాశాడు. ఈనాటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కం దానితోనే మొదలుపెడతారు. అందులో తరచూ కనిపించే ఉదాహరణ కొండ, పొగ, నిప్పు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందనుకోవడం సబబే. మాటను తిప్పి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంటుందంటే మాత్రం కుదరదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తోడు పచ్చికట్టె కావాలి. కంటికి ఆనకుండా పక్కన నిలబడి పని చేయించే ఆ పచ్చికట్టెను నైయాయికులు (తర్కశాస్త్రజ్ఞులు) ఉపాధి అన్నారు. ఇవాళ గణాంక శాస్త్రజ్ఞులు వైద్య పరిశోధనల్లో రాత్రింబవళ్లు వెతికేది ఈ ఉపాధినే. మంత్రం కథలో ఉపాధి ఒంట్లోకి విషం ఎక్కకపోవడం, యాగం కథలో నాట్ల కాలం ముగియడం. ఇంత పదునైన పనిముట్టు మన ఇంట్లోనే ఉన్నా దాన్ని పరీక్షల కోసం బట్టీపట్టే పాఠంగా మిగల్చడం బాధాకరం.

తర్కం తెలియదని డెల్టా జనాన్ని అనుకోవడం అన్యాయం. గుడివాడ చుట్టూ ఉన్న ఏ రైసు మిల్లుకైనా వెళ్లి ధాన్యం కొనేచోట నిలబడి చూడండి. లారీ నిండా బస్తాలొస్తాయి. కొనేవాడు పైన కనిపించే ఒక్క బస్తా మూతి విప్పి ధర చెప్పడు. కోసుగా ఉన్న ఇనుప గొట్టాన్ని ఒక బస్తాలోకి ఏటవాలుగా గుచ్చి లాగుతాడు. లోపలి గింజలు గొట్టంలోంచి అరచేతిలోకి జారతాయి. తర్వాత పక్క వరసలో ఇంకో బస్తా, అడుగు వరసలో మరొకటి. గింజను నలిపి చూస్తాడు, నోట్లో వేసుకుని కొరుకుతాడు, తేమ కొలిచే మీటరులో పోస్తాడు. తేమ 17 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలుకు పనికిరాదు కాబట్టి ఆ అంకె కోసం రెండువైపులా కళ్లు పెట్టుకుని చూస్తారు. అమ్మే రైతు కూడా ఊరుకోడు. తడిసిన బస్తాల్లోనే గుచ్చుతున్నాడని అనిపిస్తే “అటు వరస కూడా చూడవయ్యా” అని పట్టుబడతాడు.

మచ్చు ఎలా తీయాలో, ఏ మచ్చును నమ్మకూడదో ఇద్దరికీ పూర్తిగా తెలుసు. అదే రైతు సాయంత్రం ఇంట్లో సంబంధాల గురించి మాట్లాడేటప్పుడు, “ఆ ఊరి సంబంధం మనకొద్దు, మా పెద్దమ్మాయిని అక్కడే ఇచ్చాం, ఏం సుఖపడింది?” అంటాడు. ఒక్క బస్తా చూసి లారీ ధర చెప్పడం ఇదే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న మాట కుండకు సరిపోతుంది, ఎందుకంటే కుండలో గింజలన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి. ఊరు కుండ కాదు. తెలివి లేక కాదు ఈ పొరపాటు. మిల్లు దగ్గర డబ్బు చేతులు మారుతుంది కాబట్టి జాగ్రత్తగా ఉంటాం, మాట దగ్గర ఆ జాగ్రత్త సడలిపోతుంది.

నిజానికి మాట దగ్గర పోయేది ఒక్కోసారి డబ్బు కన్నా పెద్దది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమ మీద పడింది. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు 10,000 మంది, జనం చెప్పుకునే లెక్క ఇంకా చాలా పెద్దది. అంతకుముందు 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారంటారు. రెండిటి మధ్య 113 ఏళ్లు, అంటే నాలుగైదు తరాలు. తీరంలో ఇల్లు కదలనని మొండికేసే పెద్దాయన వాదన ఎప్పుడూ ఒకటే: “మా తాత చూశాడు, మా నాన్న చూశాడు, ఎన్ని తుఫాన్లొచ్చినా ఈ గడపకు నీళ్లు రాలేదు.” అది నిజమే కావచ్చు. కానీ నీళ్లొచ్చిన గడపల మనవలు ఆ మాటకు ఎదురు చెప్పడానికి మిగల్లేదు. బతికినవాళ్లను మాత్రమే అడిగి ప్రమాదాన్ని అంచనా వేస్తే అది ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. పాముకాటు కథలో ఖాళీగా మిగిలిన గడే ఇక్కడా ఖాళీగా ఉంది.

ఇంతకన్నా సూక్ష్మమైన పొరపాటు 1990లో మొదలైంది. ఆ ఏడాది మే 9న, 1977 నాటి తుఫానుకు ఏమాత్రం తీసిపోని తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. 967 మంది చనిపోయారు. ఆ ప్రతి ప్రాణమూ విలువైనదే, అయినా 1977తో పోలిస్తే పదో వంతు. ఈ పదమూడేళ్లలో ఏం మారింది? ఉపగ్రహ చిత్రాలు మెరుగుపడ్డాయి, మచిలీపట్నంలో తుఫాను రాడారు వచ్చింది, తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు, తుఫాను రాకముందే లక్షలమందిని లోపలికి తరలించారు. అయితే ఇలా తప్పిపోయిన చావులు కంటికి కనిపించవు. అందుకే ఆ తర్వాతి తుఫాన్లలో “పోయినసారి ఇంత హడావుడి చేశారు, ఏమైంది? ఏమీ కాలేదు. ఈసారి కదిలేది లేదు” అనే మాట మొదలైంది. ఏమీ కాకపోవడానికి ఆ హడావుడే కారణం కావచ్చన్న ఆలోచన రావాలంటే, తరలించకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించాలి. గుడివాడలో ఉన్నవాడికి అది పనికిరాని కసరత్తులా అనిపించవచ్చు, తీరానికి దగ్గరున్న నాగాయలంకలో ఉన్నవాడికి ప్రాణం నిలిపే కసరత్తు. హెచ్చరిక నిజంగా తప్పిన సందర్భాలూ ఉంటాయి, తుఫాను దారి మార్చుకుంటుంది. అయినా రాని వాన కోసం తీసుకెళ్లిన గొడుగును వృథా అనలేనట్టే, ఆ రాత్రి షెల్టరులో గడపడాన్నీ వృథా అనలేం.

మంత్రం, తుఫాను కాక ఇంటింటా వినే మూడో వాదన గ్రహణానిది. పుట్టిన బిడ్డ పెదవి చీలి ఉంటే దాన్ని మనం గ్రహణంమొర్రి అనే పిలుస్తాం, పేరులోనే తీర్పు చెప్పేశాం. తల్లిని అందరూ అడుగుతారు: “గ్రహణం నాడు బయటికొచ్చావా? కత్తిపీట ముట్టావా?” ఆమె తొమ్మిది నెలలూ తవ్వుకుంటుంది, ఏదో ఒకటి దొరుకుతుంది. బిడ్డ బాగా పుట్టిన తల్లిని మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఒక గడిని భూతద్దంతో వెతికి, పక్క గడిని చూడకుండా వదిలేస్తాం. గర్భంలో శిశువు పై పెదవి నాలుగు నుంచి ఏడు వారాల మధ్య రూపుకడుతుంది. ఆ పక్కలు కలవకపోతే మొర్రి వస్తుంది. ఏడో నెలలో వచ్చిన గ్రహణం, అప్పటికే కలిసిపోయిన పెదవిని చీల్చలేదు. జన్యువులు, తల్లికి అదుపులో లేని మధుమేహం, పొగతాగడం, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈ ప్రమాదాన్ని పెంచుతాయని వైద్యులు చెబుతారు. తల్లి మీద నింద మోపే ఈ వాదన ఎంత తొందరగా పోతే అంత మంచిది. పుట్టిన బిడ్డకు ఆపరేషన్ చేయించాల్సిన సమయాన్ని అది ఏడుపుతో నింపుతుంది.

ఈ గ్రహణం మాటను బతుకుతో ఎదిరించిన జంట డెల్టాలోనే ఉండేది. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం అధ్యాపకుడు. దేవుడి భావన మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కళాశాలలో చేసిన ఉద్యోగమూ అభిప్రాయాల వల్లే పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టాడు. భార్య సరస్వతి గోరా గర్భంతో ఉండగా గ్రహణం వేళ బయటికొచ్చి మామూలుగా పనులు చేసుకుంది. ఇది ఎంతవరకు రుజువు? “గ్రహణం చూసిన ప్రతి గర్భిణికీ మొర్రి బిడ్డే” అన్నవాడికి మొర్రి లేని బిడ్డను కన్న ఒక్క సరస్వతి చాలు, ప్రతి ఒక్కరికీ అన్న మాట ఒక్క ఎదురు ఉదాహరణతో కూలుతుంది. “గ్రహణం ప్రమాదాన్ని కాస్త పెంచుతుంది” అన్నవాడికి మాత్రం ఒక్కరు చాలరు, అక్కడ మళ్లీ నాలుగు గళ్లూ నింపాల్సిందే. ఆమె ధైర్యాన్ని గౌరవించడమంటే దాన్ని అది మోయగలిగినంత వరకే వాడడం.

గోరాను ఉద్యోగంలోంచి తీసేయవచ్చు, వెలివేయవచ్చు, అవేవీ అతని వ్యాసానికి జవాబు కావు. మనిషిని కొట్టి మాట ఓడిందనుకోవడం మనకు బాగా అలవాటైన దోషం. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టి, డబ్లిన్‌లో బారిస్టరు చదివి, పురాణాలను నిలదీసిన త్రిపురనేని రామస్వామి చౌదరికీ ఇదే ఎదురైంది. ఆయన చూపిన ఆధారాల కన్నా ఆయన కులం మీద, ఉద్దేశాల మీద మాట్లాడినవాళ్లే ఎక్కువ. దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ సేవాగ్రాంలో దొరుకుతుంది. 1940ల నడుమ గోరా అక్కడ గాంధీతో దేవుడి గురించి వాదించాడు. ఆ సంభాషణల మీద గోరా రాసిన పుస్తకాన్ని గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే 1951లో అచ్చువేసింది. గాంధీ ఆస్తికత్వం వదల్లేదు, గోరా నాస్తికత్వం వదల్లేదు. అయినా ఎదుటివాడి మాటను ఎదుటివాడు చెప్పినట్టే విని, దానికే జవాబు చెప్పారు. న్యాయదర్శనం వాదం, జల్పం, వితండ అని మూడు రకాల చర్చలను వేరుచేసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షం లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండ. టీవీ చర్చల్లో మొదటిది కనిపించడం అరుదైపోయింది.

మాట్లాడే మనిషి ఎవరన్నది అసలు పట్టించుకోకూడదా? కొన్నిచోట్ల పట్టించుకోవాలి. కైకలూరు వైపు రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి “ఈ మందు చల్లితే తెల్లమచ్చ రోగం దగ్గరికి రాదు” అని చెప్పేవాడే ఆ మందు అమ్మేవాడైతే, అతని మాటను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవడం తెలివైన పని. అమ్మేవాడు కాబట్టి మాట అబద్ధమని తేల్చడం మాత్రం తొందరపాటు. పక్కపక్కన ఉన్న నాలుగు చెరువుల్లో రెండిటికి చల్లి రెండిటికి చల్లకుండా, మేత, నీటి లోతు, పిల్ల వేసిన రోజు ఒకేలా ఉంచి చూడమనాలి. అప్పుడతని లాభం సంగతి పక్కకు పోయి చెరువే జవాబిస్తుంది.

దోషాల పేర్లు కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్లకు ఒక జబ్బు పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు నోరు తెరిచినా “అది తర్కదోషం” అని మూసేయడం. వాదన చెడ్డదైనంత మాత్రాన ముగింపు అబద్ధం కాదు. “రాత్రి పొలం వెళ్తే లాంతరు పట్టుకెళ్లు, నాగదేవతకు కోపమొస్తుంది” అని నాయనమ్మ చెబితే, కారణం నిలవకపోవచ్చు, లాంతరు మాత్రం ప్రాణం కాపాడుతుంది. అడిగే తీరులోనూ తేడా ఉంది. “అదంతా మూఢనమ్మకం” అంటే వాదన అక్కడే గడ్డకడుతుంది. “బాబాయ్, ఆ మంత్రగాడి దగ్గరికి వెళ్లి బతకనివాళ్లు మనూళ్లో ఎవరన్నా ఉన్నారా?” అని అడిగితే ఆయన ఆగి ఆలోచిస్తాడు. ఎవరో ఒకరి పేరు ఆయనకే గుర్తొస్తుంది. ఖాళీ గడిలో మొదటి పేరు ఆయన చేత్తోనే పడుతుంది.

కట్లపాము దగ్గర ఈ చిన్న ప్రశ్నలకు ఉన్న విలువ తెలుస్తుంది. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. దాని కోరలు చిన్నవి. నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు కనిపించకపోవచ్చు కూడా. తెల్లవారుజామున మనిషి కడుపునొప్పి అంటాడు, గొంతు పట్టేసిందంటాడు, కనురెప్పలు వాలిపోతుంటాయి. ఇంట్లోవాళ్లు ఒళ్లంతా వెతికి “గాటు లేదు, పాము కాదు, రాత్రి తిన్నది పడలేదు” అని తేల్చి వాము నమలమంటారు. గాటు కనిపించకపోవడం కాటు లేదనడానికి రుజువు కావాలంటే, కరిచిన ప్రతిసారీ గాటు కనిపించాలి. కట్లపాము విషయంలో ఆ షరతు నిలవదు. నేల మీద నిద్రపోయి లేచిన మనిషికి కారణం తెలియని కడుపునొప్పి, వాలిపోతున్న రెప్పలు ఉంటే కట్లపామేనన్న అనుమానంతోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాలు, చెయ్యి కదలకుండా చూడాలి, తాళ్లు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఆ విషం ముందు రెప్పలను, తర్వాత గొంతును, ఆపైన ఊపిరి పీల్చే కండరాలను పడగొడుతుంది. ఊపిరి ఆగకముందే శ్వాస అందించే యంత్రం దాకా చేరితే మనిషి బతికే అవకాశం ఎక్కువ. అవనిగడ్డ నుంచైనా బంటుమిల్లి నుంచైనా ఆ దారిలో పోయే ప్రతి అరగంటా ఇంట్లో జరిగిన ఆ వాదన ఎటు తేలిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.